లూరిస్తాన్ కంచు కళ్లేలు: ముందువైపు శిల్పం, వెనుకవైపు ముళ్లు

లండన్‌లో ఒక మ్యూజియంలో, పచ్చటి చిలుము పట్టిన రెండు రెక్కల జంతువులు, వాటిని కలుపుతూ ఒక కడ్డీ చూశానని మీరు రాశారు. పక్కన చీటీ మీద "గుర్రపు కళ్లెం, లూరిస్తాన్, క్రీ.పూ. 1000-650" అని ఉందన్నారు. లూరిస్తాన్ అంటే పశ్చిమ ఇరాన్‌లోని కొండ ప్రాంతం. ముఖ్యంగా మూడు ప్రశ్నలు అడిగారు. ఇంత శిల్పం ఉన్న బరువైన వస్తువును నిజంగా గుర్రం నోటికి తగిలించేవారా, లేక సమాధిలో పెట్టడానికే చేశారా? ఆ బొమ్మలకు మన దేశంతో ఏమైనా సంబంధం ఉందా? ఇంటర్నెట్‌లో అలాంటిదే ఒకటి అమ్మకానికి కనిపించింది, కొనవచ్చా? మూడో ప్రశ్నకు జవాబు ముందే చెబుతాను: కొనకండి. కారణాలు కిందికి వచ్చేసరికి మీకే తెలుస్తాయి.

నేను పాతికేళ్లకు పైగా పాత లోహ వస్తువుల సంరక్షణ పనిలో ఉన్నాను. కంచు, రాగి, ఇత్తడి వస్తువులకు పట్టిన చిలుమును చదవడం, అవసరమైనంత మేరకే తీయడం, మిగిలినదాన్ని కాపాడడం నా వృత్తి. లూరిస్తాన్ కళ్లేలు నా బల్ల మీదికి కొన్ని వచ్చాయి. మ్యూజియంలో ఎప్పుడూ బొమ్మ ఉన్న ముఖమే మనవైపు ఉంటుంది. గుర్రం చెంపకు తగిలిన ముఖం గోడవైపు ఉంటుంది. మీ మొదటి ప్రశ్నకు జవాబు ఆ రెండో ముఖం మీదే ఉంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఈ కళ్లెంలో ఉన్నవి మూడే భాగాలు. గుర్రం నోట్లో అడ్డంగా ఉండే కడ్డీ ఒకటి, దాని రెండు చివరల రెండు చెంపబిళ్లలు. గుర్రం దవడలో ముందు పళ్లకూ నమిలే పళ్లకూ మధ్య పళ్లు లేని ఖాళీ చిగురు ఉంటుంది. కడ్డీ కూర్చునేది అక్కడే. ఇప్పటి కళ్లేలు చాలావాటిలో ఆ కడ్డీ మధ్యలో కీలు ఉండి వంగుతుంది. లూరిస్తాన్ కడ్డీ ఒకే ముక్క, వంగదు. దాన్ని రెండు బిళ్లల మధ్య ఉన్న రంధ్రాల్లో దూర్చాక, చివరలను సుత్తితో పలచగా సాగగొట్టి, ఒక చివరను ఒకవైపుకు, రెండో చివరను ఎదురువైపుకు చుట్టేవారు. ఆ చుట్టల్లో పగ్గాలు కట్టేవారు. ఒకసారి చుట్టాక ఇక విప్పే వీలు లేదు. బొమ్మ వీపు మీద పోతలోనే వచ్చిన ఉంగరాలు ఉంటాయి. తల మీదుగా వెళ్లే తోలు వారును వాటికి కట్టి, కళ్లెం నోట్లోంచి జారకుండా నిలిపేవారు.

ఒక జతను దగ్గరగా చూపిస్తాను. రెక్కలున్న కొండగొర్రెల జత అది. ఒక్కో బిళ్ల నా అరచేతిలో ఇమిడేంత ఉంది. కొమ్ములు వెనక్కి సుడి తిరిగాయి, రెక్క ఈకలను గీతలు గీతలుగా చెక్కారు, గొర్రె తల మాత్రం పక్కకు తిరిగి నేరుగా మనల్ని చూస్తోంది. రెండు బొమ్మలూ ఒకేలా కనిపిస్తాయి గానీ కొలిస్తే ఏ కొలతా సరిగ్గా కలవదు. ఎందుకంటే ఇవి మైనపు పోతలు. కంచరి ముందు తేనెమైనంతో బొమ్మ చేస్తాడు. దాని చుట్టూ మట్టి మెత్తి కాలుస్తాడు. కరిగిపోయిన మైనం వదిలిన ఖాళీలోకి కంచు పోస్తాడు. బొమ్మ బయటికి రావాలంటే అచ్చు పగలగొట్టవలసిందే. అందువల్ల ఎడమ గొర్రెకు ఒక మైనపు బొమ్మ, కుడి గొర్రెకు మరొక మైనపు బొమ్మ. ఎడమ గొర్రె కొమ్ము మొదట్లో మైనపు తీగను వేలితో నొక్కి అతికించిన చిన్న పల్లం అలాగే కంచులోకి వచ్చేసింది. దాదాపు మూడు వేల ఏళ్ల కిందటి వేలి ఒత్తిడి అది. దాన్ని మొదటిసారి భూతద్దంలో చూసిన రోజు చాలాసేపు పని ముందుకు సాగలేదు.

తరువాత బిళ్లను తిప్పి పెట్టాను. వెనుక ముఖం చదునుగా ఉంది. అంచుల దగ్గర చిన్న ముళ్లు పైకి లేచి ఉన్నాయి. వాటిలో ఒకదాని మొన అరిగి గుండ్రబడింది. మధ్య రంధ్రం ఎదురుగా చూసినప్పుడు గుండ్రంగానే అనిపించింది. భూతద్దం కింద చూస్తే ఒక పక్క అంచు తినేసి కోడిగుడ్డు ఆకారానికి సాగింది. కడ్డీ మీద సరిగ్గా అదే చోట ఒక పల్లం ఉంది. తోలు వారు కట్టిన ఉంగరం లోపలి అంచు మెరుగు పెట్టినట్టు నున్నగా ఉంది. కంచు కంచును ఇంతగా అరగదీయాలంటే ఎన్నో రోజులు, ఎన్నో దారుల్లో ఆ పగ్గాలు లాగి ఉండాలి. సమాధి కోసమే చేసిన వస్తువుకు ఈ అరుగుదల రాదు.

ఇంకో జతలో మాత్రం రంధ్రం అంచు పోతపోసిన నాటి పదునుతోనే ఉంది. దాన్ని గుర్రానికి ఎప్పుడైనా కట్టి ఉన్నా అది ఏ కొద్ది రోజులో అయి ఉండాలి. కాబట్టి "వాడారా, సమాధికి చేశారా" అన్న ప్రశ్నను మొత్తం లూరిస్తాన్ కళ్లేలకు కలిపి వేయకూడదని నా అభిప్రాయం. ఒక్కో కళ్లేన్ని తిప్పి చూసి, దాని రంధ్రాన్ని, దాని ఉంగరాలను అడగాలి. చనిపోయినవారి తల కింద ఈ కళ్లేలను దిండులా పెట్టేవారన్న మాట మీరు ఎక్కడైనా చదివి ఉంటారు. ఆ మాట 1930 ప్రాంతంలో సమాధులను దొంగచాటుగా తవ్వినవాళ్ల నోట పుట్టింది. దాన్ని ఆధారంగా తీసుకోవడం నాకు ఇష్టం లేదు.

ఆ ముళ్లు ఎందుకంటే, రౌతు కుడి పగ్గం లాగితే ఎడమ చెంపబిళ్ల గుర్రం ముఖానికి గట్టిగా ఒత్తుకుంటుంది. ముళ్లు గుచ్చుకోగానే గుర్రం వాటికి దూరంగా, అంటే కుడివైపుకు తిరుగుతుంది. క్రూరమైన ఏర్పాటే. కానీ ఆ కాలపు స్వారీ ఎలా ఉండేదో గుర్తుంచుకోవాలి. రికాబు అప్పటికి లేదు. మనం జీను అనదగ్గది కూడా లేదు, గుర్రం వీపు మీద ఒక గుడ్డో తోలో ఉండేది. రెండో అషుర్‌నసీర్‌పాల్ (క్రీ.పూ. 883-859) కాలపు అస్సీరియా (ఇప్పటి ఉత్తర ఇరాక్‌లోని పాత రాజ్యం) శిల్పాల్లో రౌతులు జంటలుగా కనిపిస్తారు. ఒకడు విల్లు ఎక్కుపెడితే, పక్క గుర్రం మీద ఉన్నవాడు రెండు గుర్రాల పగ్గాలూ పట్టుకుంటాడు. ఒక్కడే గుర్రాన్ని అదుపు చేస్తూ బాణం వేయడం వారికి ఇంకా పట్టుబడలేదన్నమాట. రెండు శతాబ్దాల తరువాత అస్సీరియా రాజు అషుర్‌బనిపాల్ సింహాల వేట శిల్పాల్లో రాజు ఒంటరిగా స్వారీ చేస్తూ బాణం వేస్తాడు. లూరిస్తాన్ కళ్లేలు సరిగ్గా ఈ మధ్య కాలానివి. లూరిస్తాన్ ఉన్న జాగ్రోస్ పర్వతాల లోయలు గుర్రాలకు పేరుపొందిన చోటు, అస్సీరియా రాజులు అక్కడి నుంచి గుర్రాలను కప్పంగా పట్టుకుపోయేవారు. గుర్రమే సంపద అయిన చోట, ఎదుటివాడి చూపు ముందుగా పడే గుర్రం ముఖాన్ని అలంకరించకుండా ఎలా ఉంటారు?

అప్పటికి ఆ ప్రాంతంలో ఇనుము వాడుకలోకి వచ్చింది. మరి కంచు ఎందుకు అని కొందరు అడుగుతుంటారు. ఆ కాలంలో ఆ దేశాల కమ్మరులకు ఇనుమును కాల్చి సాగగొట్టడమే తెలుసు, నీళ్లలా కరిగించి అచ్చులో పోయడం తెలియదు. కొమ్ముల సుడి, రెక్కల గీత, మెడ వంపు కావాలంటే కంచే కావాలి. లూరిస్తాన్‌కు అంత దూరం కాని దే హొసైన్ దగ్గర కంచుకు కావలసిన రాగి, తగరం రెండూ దొరికిన ప్రాచీన గనులు ఇటీవలి దశాబ్దాల్లో బయటపడ్డాయి. తగరం ఎక్కడి నుంచి వచ్చిందన్న పాత చిక్కుకు అది మంచి జవాబు.

ఇప్పుడు నన్ను బాధపెట్టే విషయానికి వస్తాను. 1920ల చివరలో ఈ కంచు వస్తువులు పారిస్, లండన్, న్యూయార్క్ దుకాణాల్లో ఒక్కసారిగా కనిపించడం మొదలైంది. ధర పలుకుతోందని తెలిసి లోయల్లో సమాధి తరువాత సమాధిని తవ్వేశారు. పెద్ద పెద్ద మ్యూజియాల్లో ఉన్న శిల్పాల కళ్లేల్లో అత్యధికం ఇలా వచ్చినవే. ఏ సమాధిలో దొరికింది, మగవాడిదా ఆడదానిదా, పక్కన ఏ కుండ ఉంది, కళ్లెం తల దగ్గర ఉందా కాళ్ల దగ్గర ఉందా, ఏ ఒక్కటీ రాసి పెట్టినవారు లేరు. 1938లో పురావస్తువేత్త ఎరిక్ ష్మిట్ లూరిస్తాన్‌లోని సుర్ఖ్ దుమ్ అనే చోట ఒక ఆరాధనాస్థలాన్ని తవ్వి, గోడల్లో, నేలలో దాచిన కానుకలను బయటపెట్టారు. 1965 నుంచి 1979 దాకా బెల్జియం పురావస్తువేత్త లూయీ వాండెన్ బెర్గ్ పుష్త్-ఎ-కూహ్ లోయల్లో శ్మశానాలను ఓపికగా, పద్ధతిగా తవ్వారు. లూరిస్తాన్ కంచు వస్తువుల కాలక్రమం గురించి మనం ధైర్యంగా చెప్పగలిగేదంతా ఇలాంటివారి చలవే. చీటీ మీద "1000-650" అని మూడున్నర శతాబ్దాల వెడల్పు కనిపించిందంటే, ఆ వెడల్పంతా మనం పోగొట్టుకున్న సమాచారం.

దొరికిన చోటు తెలిస్తే ఒక కంచు ముక్క ఎంత మాట్లాడుతుందో చూడండి. గ్రీసులోని సామోస్ దీవిలో హేరా దేవి ఆలయం దగ్గర, 1980లలో, గుర్రం నొసటికి కట్టే కంచు పలక ఒకటి దొరికింది. సుమారు 27 సెంటీమీటర్ల ఎత్తు. నలుగురు నగ్న స్త్రీమూర్తులు, సింహపు తలలు, పైన రెక్కల సూర్యబింబం. పనితనం గ్రీకులది కాదు, ఉత్తర సిరియా కంచరులది. అంచు వెంట అరామిక్ లిపిలో ఒక పంక్తి చెక్కి ఉంది. "మా ప్రభువు నది దాటిన ఏడాది, ఉమ్క్ నుంచి హదద్ మా ప్రభువు హజాయేలుకు ఇచ్చినది" అని దాని అర్థం. బైబిలు చదివినవారికి హజాయేలు పేరు పరిచయమే. క్రీ.పూ. తొమ్మిదో శతాబ్దంలో దమాస్కస్‌ను ఏలిన రాజు. ఉమ్క్ అంటే ఇప్పటి టర్కీలోని అంతాక్యా పక్కనున్న మైదానం. హదద్ వారి ఉరుముల దేవుడు. యుద్ధంలో దోచుకున్న గుర్రపు సామగ్రి మీద "దేవుడు ఇచ్చినది" అని రాయించారన్నమాట.

ఇంకా ఆశ్చర్యం ఏమిటంటే, గ్రీసులోనే మరో దీవి యూబియాలో, ఎరెట్రియా పట్టణంలోని అపోలో ఆలయంలో, గుర్రం కళ్లకు కట్టే కంచు గంతలు అంతకు చాలా ముందే దొరికాయి. వాటిలో ఒకదాని మీద ఇదే వాక్యం ఉంది. అది మాసిపోయి సరిగా చదవడానికి వీలు లేక ఉండిపోయింది. సామోస్ పలకను చదివాకే దాని అర్థం పూర్తిగా తేలింది. ఒకే దోపిడీ సొమ్ము రెండు దీవుల్లో ఇద్దరు దేవతలకు కానుకగా చేరింది. క్రీ.పూ. 732లో అస్సీరియన్లు దమాస్కస్‌ను పట్టుకున్నప్పుడు ఈ వస్తువులు మళ్లీ చేతులు మారి ఉంటాయని కొందరి ఊహ. ఊహను పక్కన పెట్టినా, ఒక గుర్రపు నొసటి పలక సిరియా మైదానంలో పుట్టి, దమాస్కస్ రాజుకు చేరి, సముద్రం దాటి గ్రీకు దేవత ముందు ఆగిందన్నది ఖాయం. ఈ రెండూ దుకాణాల్లో తేలి ఉంటే ఆ కథ మనకు ఎప్పటికీ దొరికేది కాదు.

సైప్రస్‌లోని సలామిస్ రాచ సమాధులూ అంతే. పురావస్తువేత్త వాసోస్ కరగియోర్గిస్ అక్కడ తవ్వినప్పుడు, సమాధికి వెళ్లే దారిలో బలి ఇచ్చిన గుర్రాలు రథాలతో సహా బయటపడ్డాయి. 79వ సమాధిలో నొసటి పలకలు, గంతలు, రొమ్ము పలకలు దొరికాయి. మన ఊళ్లలో జట్కా గుర్రాలకు కట్టిన గంతలు, కుచ్చులు చూసినవారికి ఆ వరుస వెంటనే అర్థమవుతుంది. వాయవ్య ఇరాన్‌లో, క్రీ.పూ. 800 ప్రాంతంలో తగలబడిపోయిన హసన్లూలో కూడా గుర్రపు సామగ్రి కూలిన గోడల కింద అలాగే దొరికింది.

రెండో ప్రశ్న, మన దేశంతో సంబంధం. లూరిస్తాన్ కంచరులు రాతలు వదిలి వెళ్లలేదు. చెంపబిళ్లల మీద కొన్నిసార్లు నడుమ ఒక మనిషి నిలబడి, రెండు పక్కలా రెండు మృగాలను పట్టుకుని ఉంటాడు. పశ్చిమాసియా అంతటా కనిపించే రూపం అది. మొదట్లో కొందరు అతన్ని మెసొపొటేమియా గాథల వీరుడు గిల్గమెష్ అన్నారు, ఇప్పుడు ఆ మాట ఎవరూ గట్టిగా అనడం లేదు. పశుపతి అనో, మరో మన దేవుడనో కూడా పేరు పెట్టవద్దు. పేరు చెప్పే ఆధారం ఆ బొమ్మ మీద లేదు.

కానీ గుర్రాల విషయంలో నిజమైన బంధుత్వం ఒకటి ఉంది. అది కంచులో లేదు, మాటల్లో ఉంది. టర్కీలోని హత్తుషలో దొరికిన మట్టి పలకల మీద, మితాన్ని (ఉత్తర సిరియా ప్రాంతపు పాత రాజ్యం) దేశపు కిక్కులి అనే శిక్షకుడు గుర్రాలను తర్ఫీదు చేసే విధానం ఉంది. లూరిస్తాన్ కళ్లేల కన్నా కొన్ని శతాబ్దాలు పాతది. గుర్రాన్ని ఎన్ని చుట్లు తిప్పాలో చెప్పే చోట ఐకవర్తన్న, తేరవర్తన్న, పంజవర్తన్న, సత్తవర్తన్న, నావర్తన్న అని రాశాడు. ఒకటి, మూడు, అయిదు, ఏడు, తొమ్మిది చుట్లు. ఏక, త్రి, పంచ, సప్త, నవ అనే సంస్కృతం మాటలు తెలిసినవారికి వివరణ అక్కరలేదు.

ఇక మనకు దగ్గరలో గుర్రపు అలంకరణ చూడాలంటే తెలంగాణ సరిహద్దు దాటి విదర్భకు వెళ్లాలి. నాగపూర్ దగ్గర మహుర్‌ఝరిలో 1970ల మొదట్లో ఎస్.బి. దేవ్ బృందం రాతివలయాల సమాధులను తవ్వింది. మనుషులతోపాటు గుర్రాలు బయటపడ్డాయి. వాటి ముఖానికి రాగి రేకు ఆభరణాలు, ఆ రేకుల మీద ఇనుప బొడిపెలు. నోటి కళ్లెం మాత్రం ఇనుముది. లూరిస్తాన్‌లో శిల్పమూ కళ్లెమూ ఒకటే వస్తువు. ఇక్కడ పని విడిపోయింది: లాగుడు తట్టుకునే చోట ఇనుము, ముఖానికి మెరుపు ఇచ్చే చోట రాగి. ఈ రెండు పద్ధతులనూ పక్కపక్కన పెట్టి ఆలోచించడం నాకు చాలా ఇష్టం. మీరు లండన్‌లో ఉన్నారు కాబట్టి బ్రిటిష్ మ్యూజియంలోని అమరావతి శిల్పాల్లో గుర్రాల తలలను కూడా నిదానంగా చూడండి. తలపట్టీలు, పగ్గాలు ఎలా వెళ్తాయో సున్నపురాతి మీద మన శిల్పులు శ్రద్ధగా చెక్కారు.

చివరగా కొనుగోలు సంగతి. ఆ వస్తువు అసలైనదైతే, దాదాపు తప్పకుండా ఏదో ఒక సమాధిని పాడుచేసి తెచ్చినది. సాంస్కృతిక వస్తువుల అక్రమ రవాణాపై 1970 నాటి యునెస్కో ఒప్పందంలో ఇరాన్, భారత్ రెండూ చేరాయి. ఎప్పుడు, ఎలా ఇరాన్ దాటిందో చూపే కాగితాలు అమ్మకందారు దగ్గర లేకపోతే, మీ డబ్బు వెళ్లేది తరువాతి సమాధిని తవ్వడానికే. నకిలీదైతే మీరు మోసపోయినట్టే. 1930ల నుంచే నకిలీలు పుట్టాయి. పూర్తి నకిలీల కన్నా సగం నకిలీలు ఎక్కువ ఇబ్బంది పెడతాయి. రెండు వేర్వేరు జతల్లోంచి చెరో బిళ్ల తెచ్చి, కొత్త కడ్డీకి తగిలించి, చివరలు చుట్టేస్తారు. అలాంటిది ఒకటి నా దగ్గరికి వచ్చింది. రంధ్రం ఒకవైపు అరిగి ఉంది, కడ్డీ మీద మాత్రం ఆ అరుగుదలకు జోడు లేదు. పైన పూసిన పచ్చదనం అసిటోన్‌లో తడిపిన దూదికి అంటుకుని వచ్చేసింది. భూమిలో సహజంగా పట్టిన చిలుము అలా ఊడదు. పైన పచ్చ, దాని కింద ఇటుక ఎరుపు, ఆ కింద లోహం, పొర మీద పొరగా లోహంలోకి వేళ్లు దిగినట్టు ఉంటుంది. పరీక్షలో జింకు ఎక్కువగా తేలితే అది ఇత్తడి, అక్కడితో అనుమానం బలపడుతుంది.

మీ అమ్మమ్మగారి ఇంట్లో పాత కంచు సామాను చింతపండుతో తోముతారని, మ్యూజియం వాళ్లు ఎందుకు తోమరని కూడా అడిగారు. వాడుకలో ఉన్న చెంబుకు, గిన్నెకు చింతపండు మంచిదే. తవ్వకంలో దొరికిన కంచుకు మాత్రం అది విషం. పులుపు పచ్చటి పొరను కరిగిస్తుంది. రెక్క మీది సన్నటి గీతలు చాలాసార్లు ఆ పొరలోనే మిగిలి ఉంటాయి, దానితోపాటే పోతాయి. లోపల దాగిన క్లోరైడ్ లవణాలకు తేమ తగిలితే లేతపచ్చటి పొడి రాలుతూ వస్తువును తినేస్తుంది. మేము దాన్ని కంచు రోగం అంటాం. అందుకే అద్దాల పెట్టెలో గాలిని పొడిగా ఉంచుతారు.

మళ్లీ ఆ మ్యూజియానికి వెళ్లినప్పుడు పెట్టెకు ఎదురుగా కాకుండా పక్కగా నిలబడి, కాస్త వంగి చూడండి. బిళ్లకూ వెనుక గోడకూ మధ్య సందులో ముళ్లు కనిపించవచ్చు. కడ్డీ రంధ్రంలోకి వెళ్లే చోట ఒక ఫోటో తీసి పంపండి. ఏ పక్క అంచు ఎక్కువగా అరిగిందో చూసి, ఆ కళ్లెం గుర్రం నోట్లో పనిచేసిందో లేదో నాకు తోచింది రాస్తాను.